పదికి రెండు

ఫాయ్‌ని ఊళ్ళో అందరూ డాక్టరమ్మ అనడం మొదలుపెట్టేనాటికి ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళు. నర్సింగు డిగ్రీ పట్టా చేతికొచ్చి మూడు నెలలైంది. లైసెన్సు పరీక్ష ఒక్క దెబ్బకి పాసైంది. ఆసుపత్రిలో ఉద్యోగం మాత్రం ఒక్క పూట కూడా చెయ్యలేదు.

అసలు పేరు నారిరత్. పత్తి ఏరే రోజుల్లో పుట్టిందని అమ్మమ్మ ఫాయ్ అని పిలిచింది, అంటే పత్తి. ఆ పేరే స్థిరపడింది. తల్లి బస్టాండు పక్కన కోళ్ళు కాల్చి అమ్ముతుంది. కూతురు విశ్వవిద్యాలయంలో డాక్టరేటుకి చేరిందని తెలిసిన రోజు ఆవిడ వచ్చిన ప్రతివాడికీ ఒక కోడి రెక్క ఊరికే పెట్టింది. అప్పటినుంచీ బస్టాండులో ఇదే గోల.

"మీ అమ్మాయి డాక్టరా, నర్సా? ఏదో ఒకటి చెప్పవే."

"రెండూనే. మొన్నటిదాకా నర్సు, ఇప్పుడు డాక్టరు."

"అయితే మా ఆయన మోకాలు చూస్తుందా?"

"మోకాళ్ళు చూడదు. పుస్తకాలు చూస్తుంది."

"పుస్తకాలకేం రోగమొచ్చిందే!"

నవ్వులాటగానే అన్నా ఆ మాట ఫాయ్ మనసులో ముల్లులా దిగబడింది. ఎందుకంటే తనకీ అదే అనుమానం. మామూలుగా అందరూ ఎక్కే మెట్లు వేరు. డిగ్రీ అయ్యాక నాలుగైదేళ్ళు వార్డులో చాకిరీ చేస్తారు, తర్వాత ఎమ్మెస్సీ చదువుతారు, ఇంకా ఓపికుంటే పీహెచ్‌డీ. ఆ ఏడాదే విశ్వవిద్యాలయం వాళ్ళు డిగ్రీ నుంచి తిన్నగా డాక్టరేటుకి దారి తెరిచారు. తెరిపించింది ఆచాన్ రాచనీ. ఆచాన్ అంటే గురువు. ఈ గురువుగారు విదేశాల్లో చదివి వచ్చిన మనిషి, మాట మెత్తన, పట్టు గట్టిది. బ్యాచిలో మొదటి మార్కు తెచ్చుకున్న ఫాయ్‌ని గదికి పిలిపించి, "వార్డుకెళ్తే పదేళ్ళలో ప్రశ్నలు అడగడం మర్చిపోతావు. నీ బుర్ర తాజాగా ఉన్నప్పుడే నాకు కావాలి" అన్నది. అంత పెద్దావిడ అడిగితే కాదనడమెలా? ఫాయ్ చేతులు జోడించి, "సరే ఆచాన్" అన్నది. వార్డులో పనిచెయ్యాలని తనకి ఎంత ఆశో ఆ గదిలో ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.

మావైపు మొహమాటం అలాంటిది. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు, పనిలో ఉన్నవాళ్ళని కదపకూడదు, మన బరువు ఇంకొకరి నెత్తిన పెట్టకూడదు. చిన్నప్పుడు అన్నంతో పాటు ఇదీ కలిపి పెడతారు. దీన్ని మంచితనం అని మేమే చెప్పుకుంటాం, మేమే మెచ్చుకుంటాం. నాకైతే ఒళ్ళు మండుతుంది.

తరగతిలో ఆరుగురు. మిగిలిన ఐదుగురూ నలభైకి అటూ ఇటూ, ఇరవయ్యేసి ఏళ్ళు రోగుల మధ్య నలిగినవాళ్ళు. చర్చ మొదలైతే చాలు, "మా వార్డులో ఒకసారి ఏమైందంటే" అని అందుకుంటారు. ఫాయ్ వంతు వచ్చేసరికి, "ఫలానా వ్యాసంలో ఏమని ఉందంటే" అనాల్సి వచ్చేది. ఎవరూ కసురుకోలేదు. తమ డబ్బాలోంచి ఇంత కూర తీసి పెట్టేవాళ్ళు, జడ సరిచేసేవాళ్ళు. "మా పిల్లది గట్టున కూర్చునే ఈత నేర్పుతుంది" అని ముద్దుగా నవ్వేవాళ్ళు. ఆ నవ్వుకి తనూ నవ్వి, హాస్టలుకి వెళ్ళి ఇంకో యాభై పేజీలు చదివేది. రెండేళ్ళు అలాగే గడిచాయి. చదివిన కొద్దీ తను నర్సుని కాదేమో అన్న దిగులు పెరిగిందే గాని తరగలేదు.

మూడో ఏడు పరిశోధనకి దిగింది. కడుపు ఆపరేషను అయిన ముసలివాళ్ళ నొప్పి మీద. ఎనభైమందిని, ఒక్కొక్కరినీ మూడురోజులు, రోజుకి మూడుసార్లు అడగాలి. "ఇప్పుడు మీ నొప్పి సున్నా నుంచి పదికి ఎంత?" అంతే ప్రశ్న. జవాబు నాలుగు దాటితే వెంటనే డ్యూటీ నర్సుకి చెప్పాలి, లోపుంటే రాసుకుని వచ్చెయ్యాలి. రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు, సలహా ఇవ్వకూడదు. పరిశోధనకి అనుమతి ఇచ్చిన సంఘం పెట్టిన నియమాలు అవి. మూడు ఆసుపత్రుల వాళ్ళు వద్దన్నారు. పని తెలియని పిల్లని వార్డులో తిప్పితే అదో తలనొప్పి అన్నారు. నోంగ్ దాంగ్ ఆసుపత్రిలో ఆపరేషన్ల వార్డు ఒక్కటే సరేనంది. అదీ పోతే చదువు అక్కడితో సరి. ఆచాన్ రాచనీ దాచుకోకుండా చెప్పింది.

"ఈ దారిలో మొదటిదానివి నువ్వే ఫాయ్. నువ్వు జారితే నీ వెనక ఇంకెవర్నీ రానివ్వరు. ఆ వార్డు వాళ్ళకి కోపం తెప్పించకు."

ఆ వార్డుని నడిపేది బుప్పా. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు, మూడూళ్ళకి వినబడే గొంతు. ముప్ఫై ఎనిమిది మంచాలకి పగలు ముగ్గురు నర్సులు. మొదటిరోజే ఫాయ్ చేతిలో కాగితాలు చూసి గట్టిగా నవ్వింది.

"నొప్పికి మార్కులు వేస్తావా? పాసు మార్కు ఎంత డాక్టరమ్మా?"

"అలా కాదక్కా, ఇది కొలత..."

"నేను ఇరవై నాలుగేళ్ళ నుంచి మొహం చూసి కొలుస్తున్నా. సరే, నీ చదువు నీది. నాకు అడ్డం రాకు, నా పని పెంచకు. అంతే."

పని పెంచకు అన్న ఆవిడే నెల తిరిగేసరికి ఒక ఉపాయం చెప్పింది. "ఎలాగూ రోజూ మూడుసార్లు అడుగుతున్నావు. ఆ కాగితం ఇంకో ప్రతి రాసి మంచానికి తగిలించరాదూ? మాకొక పని తప్పుతుంది." పరిశోధన కాగితం వార్డు వాడకానికి ఇవ్వకూడదని ఫాయ్‌కి తెలుసు. కాని రెండేళ్ళలో మొదటిసారి ఒక నర్సు తననేదో సాయం అడిగింది. ఆ సంతోషంలో నియమం ఏ మూలకో పోయింది. మర్నాటినుంచి ఆమె అంకెలు మంచాలకి వేలాడుతున్నాయి. నర్సులు వాటిని తమ కాగితాల్లోకి ఎక్కించుకునేవాళ్ళు. రౌండ్లకి వచ్చే చిన్న డాక్టరు వాటినే చదివేవాడు. ఫాయ్ ఆ వారం తల్లికి ఫోన్ చేసి, "నేను రాసింది చూసే మందులిస్తున్నారమ్మా" అన్నది.

ఖంపున్ వచ్చింది నాట్ల రోజుల్లో. డెబ్భై ఒక్కేళ్ళ ముసలమ్మ. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో కొట్లో అమ్మే పొట్లం మందులు ఏళ్ళ తరబడి మింగితే కడుపులో చిల్లి పడింది. ఆపరేషను చేసి కుట్టారు. ఫాయ్ లెక్కలో అరవై నాలుగో మనిషి. మంచం నంబరు పదకొండు. కూతురు లమ్దువన్ ఒక్కతే తోడు. పగలు పొలంలో ఉండి సాయంత్రానికి వచ్చి మంచం కింద చాప వేసుకునేది.

మొదటిరోజు మధ్యాహ్నం ఫాయ్ ముందు పదో మంచం దగ్గర ఆగింది. అక్కడి ముసలాయన, "ఏడు" అన్నాడు. నాలుగు దాటింది కనక నియమం ప్రకారం పరుగున వెళ్ళి చెప్పింది. బుప్పా అప్పుడు ముగ్గురికి ఒకేసారి సెలైన్లు మారుస్తోంది.

"తెలుసు! ఇందాకే ఇచ్చా మందు. పని చెయ్యడానికి టైమివ్వాలా వద్దా? చదువు రాని మూఢులం కాదమ్మా మేమిక్కడ! ఏడంటే పరిగెత్తుకొచ్చేస్తావు, మంచంమీద గుడ్డ తడిస్తే మాత్రం నీకు కనపడదు!"

వార్డంతా వింది. ఫాయ్ మొహం కందిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కాగితాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకుని పదకొండో మంచం దగ్గరికి వచ్చింది. ఖంపున్ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏడవకు తల్లీ. ఆవిడ నోరు అంతే, మనసు మంచిదే. ఎన్నో క్లాసు నువ్వు?"

"డాక్టరేటు అమ్మమ్మా."

"అబ్బో. ఇంకా పరీక్షలున్నాయా?"

"ఇదే నా పరీక్ష. మీరందరూ చెప్పే జవాబులే." ఫాయ్ ముక్కు చీదుకుని నవ్వింది. "అమ్మమ్మా, ఇప్పుడు నొప్పి పదికి ఎంత?"

ముసలమ్మ ఆమె తడికళ్ళ వైపు చూసింది. "పదికి ఎంతైతే బాగుంటుంది?" అని అడిగింది.

"బాగుండటం కాదమ్మమ్మా. ఉన్నదే చెప్పాలి."

"అయితే రెండు రాసుకో."

రాసుకుంది. సాయంత్రమూ రెండే. మర్నాడూ, ఆ మర్నాడూ మూడేసిసార్లూ రెండే. పొద్దున్నే ఆసుపత్రికి వస్తే ఫాయ్ కళ్ళు ముందు పదకొండో మంచాన్ని వెతికేవి. ఆ మంచం దగ్గర తనని డాక్టరమ్మా అని వెక్కిరించేవాళ్ళు లేరు. ఖంపున్ ఆమె చెయ్యి పట్టుకుని, "ఎముకలే ఉన్నాయి, ఏం తింటున్నావే" అనేది. తన చిన్నతనంలో నాట్లేస్తూ పాటలు కట్టి మగవాళ్ళని ఏడిపించిన కథలు చెప్పేది. "ఎంతమంది అయ్యారు నీకు?" అని రోజూ అడిగేది. అరవై నాలుగు అంటే, "ఇంకా పదహారేనా! అయిపోతుంది, అయిపోతుంది" అని ధైర్యం చెప్పేది.

నాలుగోరోజు పొద్దున ఏడింటికి, తొమ్మిదోసారి, అంటే చివరిసారి అడగడానికి ఫాయ్ వెళ్ళేసరికి ముసలమ్మ కథ చెప్పలేదు. మోకాళ్ళు పైకి ముడుచుకుని పడుకుని ఉంది. మొహం బూడిద రంగుకి తిరిగింది. పై పెదవి మీద చెమట పూసింది. ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతోంది, కడుపు కదలడం లేదు. దుప్పటి అంచుని పిడికిట్లో పట్టుకుంది, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"అమ్మమ్మా, బాగాలేదా? నొప్పి ఎంత?"

"రెండు తల్లీ."

"నిజం చెప్పమ్మమ్మా."

"రెండే." అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

కడుపు గట్టిపడి ఊపిరికి కదలకపోతే లోపల కుట్టు విడిందేమో చూడమని పుస్తకంలో ఉంది. పేజీ ఎడమవైపుదో కుడివైపుదో కూడా ఫాయ్ చెప్పగలదు. చెయ్యి వేసి చూడాలనిపించింది. నియమం ఒప్పుకోదు. అయినా వేస్తే మాత్రం ఏం తెలుస్తుంది? తను జన్మలో ఎన్ని కడుపులు తడిమింది గనక! చదువుకునే రోజుల్లో నాలుగో అయిదో, అవీ టీచరు పక్కన నిలబడి చెబుతుంటే. తప్పైతే? పదిమందిలో ఇంకోసారి నవ్వులపాలవుతుంది. బుప్పాకి కోపమొచ్చి రేపటినుంచి రావద్దంటే ఇంకా పదహారుమంది మిగిలే ఉన్నారు. నుంచున్న చోటనే ఇదంతా లెక్క వేసుకుంది. తర్వాత తనకి తనే ఎన్నిసార్లు అబద్ధం చెప్పుకోబోయినా, ఆ పదహారు తన లెక్కలో ఉందన్న సంగతి మాత్రం దాచుకోలేకపోయింది.

అయినా కాళ్ళు నర్సుల బల్ల వైపు నడిచాయి. బుప్పా ఫోన్లో రక్తం సీసాల గురించి ఎవరితోనో పోట్లాడుతోంది. ఫోను చేత్తో మూసి, "ఏంటి?" అన్నది.

"అక్కా, పదకొండో మంచం..."

"ఎంత?"

ఫాయ్ నోట్లోకి వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. పిడికిలి, చెమట, కదలని కడుపు. బయటికి వచ్చింది ఒక్కటే. "రెండక్కా."

"రెండా! శుభం. నీకు దణ్ణం పెడతాను, రెండైతే నా దగ్గరికి రాకు తల్లీ."

ఎనిమిదిన్నరకి చిన్న డాక్టరు వచ్చాడు. మంచానికి వేలాడుతున్న కాగితం చూశాడు. వరసగా రెండ్లు. "బాగుందే మన అమ్మమ్మ. గంజి నీళ్ళు మొదలుపెట్టండి" అని పన్నెండో మంచానికి వెళ్ళాడు. ఖంపున్ ఆయనకి చేతులు జోడించింది. పదకొండున్నరకి గంజి నీళ్ళు తాగుతూ తాగుతూ పక్కకి ఒరిగిపోయింది. మళ్ళీ ఆపరేషను బల్ల మీదికి తీసుకెళ్ళేసరికి కడుపంతా చీము. గొంతులో గొట్టం వేసి తెచ్చి పడుకోబెట్టారు. మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు లమ్దువన్‌ని పక్కకి పిలిచి ఇక లాభం లేదన్నాడు.

అలాంటప్పుడు మావాళ్ళు ఆసుపత్రిలో ఉంచరు. ఊపిరి ఉండగానే ఇంటికి తీసుకెళ్తారు. మనిషి తన కప్పు కింద, తన చాప మీద పోవాలి. బయట పోతే ప్రాణం దారి తెలియక తిరుగుతుందంటారు. గొట్టానికి తగిలించిన గాలి సంచిని దారి పొడుగునా ఎవరో ఒకరు నొక్కుతూ ఉండాలి. ఇంటికి చేరి, అయినవాళ్ళంతా చూశాక గొట్టం తీసెయ్యాలి. అది నర్సు పని.

బుప్పా పదకొండో మంచానికి వేలాడుతున్న కాగితం విప్పి ఫాయ్ చేతిలో పెట్టింది. "ఇది నీదే. తీసుకో." ఆ గొంతులో రోజూ ఉండే కేక లేదు. "నువ్వెళ్ళు వాళ్ళతో" అన్నది.

"నేనా అక్కా? నేనెప్పుడూ..."

"ఈపూట ఇద్దరమే ఉన్నాం. వార్డు వదిలి నేనూ రాలేను, రెండో నర్సునీ పంపలేను. లైసెన్సు ఉంది కదా నీకు? ఐదు లెక్కపెట్టు, ఒకసారి నొక్కు. వాళ్ళు సరే అన్నాక తియ్యి. ముందు గొట్టాన్ని లోపల పట్టి ఉంచే బుడగలో గాలి లాగెయ్యి, తర్వాత గొట్టం. మెల్లిగా."

అలా ఫాయ్ నర్సుగా చేసిన మొదటి పని ఖంపున్‌కి ఊపిరి పొయ్యడం. వ్యానులో మోకాళ్ళ మీద కూర్చుని ఐదు లెక్కపెట్టింది, నొక్కింది. మళ్ళీ ఐదు. ఇరవై నాలుగు కిలోమీటర్లు. రోడ్డుకి అటూ ఇటూ సగం నాట్లు పడిన పొలాలు. లమ్దువన్ తల్లి పాదాలు ఒళ్ళో పెట్టుకుని రాస్తోంది. గోళ్ళలో ఇంకా పొలం మట్టి ఉంది.

సగం దారిలో ఆమే మాట్లాడింది. "నీమీద మా అమ్మకి ప్రాణం తల్లీ."

ఫాయ్ లెక్కపెడుతోంది. నాలుగు, ఐదు. నొక్కింది.

"మొన్న సాయంత్రం నేనడిగా. అమ్మా, మొహం అలా ఉందేంటే, నొప్పా అని. ఊరుకోవే, గట్టిగా అనకు, అంది. ఎక్కువ చెబితే ఆ పిల్ల పరిగెత్తాలి, ఆ పెద్ద నర్సు దాన్ని పదిమందిలో తిడుతుంది. పాపం దానికి ఇదే పరీక్షంట, తక్కువ చెబితే తొందరగా పాసవుతుంది, అంది."

సంచి మీద ఫాయ్ వేళ్ళు ఆగిపోయాయి.

"నొక్కు తల్లీ, నొక్కు" అన్నది లమ్దువన్ కంగారుగా.

నొక్కింది. లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"నేనైనా చెప్పాల్సింది ఎవరికో ఒకరికి. డాక్టర్లకి తెలియదా, మనమెవరం చెప్పడానికి అనుకున్నా. పొద్దున్నే నాట్లకి కూలీలు వస్తారని వెళ్ళిపోయా." లమ్దువన్ మళ్ళీ తల్లి పాదాలు రాయడం మొదలుపెట్టింది.

మావైపు ఇళ్ళు స్తంభాల మీద ఎత్తుగా కడతారు. ఆ ఇంటి కింద, స్తంభాల మధ్య చాప పరిచి సిద్ధంగా ఉంచారు. చుట్టాలు, ఇరుగుపొరుగు కలిపి ముప్ఫై మంది. ఒక భిక్షువుని పిలిపించారు. పూలూ కొవ్వొత్తులూ పెట్టిన పళ్ళెం ఒకరి తర్వాత ఒకరు చేతుల్లోకి తీసుకుని, ముసలమ్మ చెవి దగ్గర వంగి క్షమాపణ అడిగారు. మాటతోగాని చేతతోగాని మనసుతోగాని తప్పు చేసి ఉంటే మన్నించు, బాకీ ఏమీ మిగల్చకుండా వెళ్ళు. మనవలు అడిగారు. పక్కింటివాడు కోడిని దొంగిలించింది తనేనని చెప్పి అడిగాడు. కొందరు ఏడుస్తూ కూడా నవ్వారు. లమ్దువన్ అందరికంటే ఎక్కువసేపు వంగి ఉంది, ఏం చెప్పిందో వినపడలేదు.

తర్వాత ఆమె పళ్ళెం తెచ్చి ఫాయ్ ముందు పట్టింది. "నువ్వూ అడుగు తల్లీ. చూసుకున్నదానివి. ఒక చేత్తో ముట్టుకుంటే చాలు."

ఫాయ్ కుడిచేత్తో సంచి నొక్కుతూ ఎడమచెయ్యి పళ్ళెం మీద పెట్టింది. చెవిలో చెప్పాల్సిన మాట. కాని ఆమెకి గొంతు తగ్గించడం చేతకాలేదు.

"అమ్మమ్మా, నేను చూశాను. నీ చెయ్యి దుప్పటి పట్టుకుని ఉంది. చెమట పట్టింది. కడుపు కదల్లేదు. నాకు తెలుసు అదేంటో. చదివాను. అక్క దగ్గరికి వెళ్ళి కూడా చెప్పలేదు. రెండని చెప్పాను. నువ్వన్న రెండు నమ్మి కాదు. నాకు భయమేసి, నా చదువు పోతుందని చెప్పాను."

ముప్ఫై మందీ విన్నారు. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. ఫాయ్ తల ఎత్తలేదు. కొడతారనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

లమ్దువన్ పళ్ళెం కింద పెట్టింది. తర్వాత మొహం ఒక్కసారి చేత్తో తుడుచుకుని, ఇంటికి చుట్టం వచ్చినప్పుడు పెట్టే మొహం పెట్టింది.

"పర్వాలేదమ్మా. ఏం కాదు. ఆమె రోజులు నిండాయి. నువ్వు చిన్నపిల్లవి, నీకేం తెలుసు. మాకేం కష్టంగా లేదు." ఆ మాటలు అంటున్నంతసేపూ ఆమె రెండు చేతులూ కట్టుకున్న లుంగీ అంచుని గట్టిగా నలుపుతూనే ఉన్నాయి.

ఫాయ్ చూసింది. ఈసారి కూడా చూసింది. సంచి నొక్కింది.

గొట్టం తీశాక ఖంపున్ పావుగంట ఊపిరి తీసింది. ఆ తర్వాత లేదు. ఆడవాళ్ళు ఒళ్ళు తుడవడానికి నీళ్ళు తెచ్చారు. ఎవరో ఫాయ్‌ని చెయ్యి పట్టి పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, బుట్టలో జిగురన్నం, చేప పచ్చడి, కాల్చిన చేప ముందు పెట్టారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఉండలు చేసుకుని తిన్నది. బుట్ట ఖాళీ చేసింది. పక్కన కూర్చున్న ముసలాయన, "మంచి పిల్ల. ఇంత దూరం వచ్చింది" అని ఇంకెవరితోనో అంటున్నాడు.

రెండు రోజులు ఆగి ఆచాన్ రాచనీ గదికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. కాగితం మంచానికి తగిలించిన సంగతి కూడా. ఆచాన్ అడ్డురాకుండా విన్నది. లేచి తలుపు వేసి వచ్చింది. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది.

"తగిలించడం తప్పు. అది ఇక ఎక్కడా అనకు. వార్డు వాళ్ళకీ మంచిది కాదు, నీకూ కాదు."

"అరవై నాలుగో కేసు తీసేస్తానాచాన్. అది అబద్ధపు అంకె."

"ఎలా తీసేస్తావు? మూడురోజులూ పూర్తయింది. రెండు అని ఆమె అన్నదా లేదా?"

"అన్నది."

"నువ్వు అదే రాశావా?"

"అదే రాశాను."

"మరి అబద్ధం ఎక్కడుంది ఫాయ్? మనం అడిగింది ఆమె ఏం చెబుతుందని. చెప్పింది రాసుకున్నాం. కాగితం సరిగ్గానే ఉంది."

నిజమే. ఫాయ్ ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తిరగేసినా అందులో తప్పు దొరకలేదు. తేదీ ఉంది, వేళ ఉంది, సంతకం ఉంది. మిగిలిన అరవై మూడు కాగితాలు కూడా తీసి చూసింది. రెండ్లు, మూళ్ళు, రెండ్లు. ఇందులో నిజంగా రెండు ఎవరికి, తన మొహం చూసి రెండు అన్నదెవరు? అడుగుదామంటే అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు.

"ఆచాన్, అసలు నాకు రెండేళ్ళు వార్డులో పనిచేసి వచ్చి..."

"ఇప్పుడా? మిగిలింది పదహారుమంది. నీ తర్వాత ముగ్గురు పిల్లలు చేరారు ఈ దారిలో. వాళ్ళకేం చెప్పమంటావు?" ఆచాన్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నిజంగానే ప్రేమగా వేసింది. "నీ వల్ల కాకపోతే చెప్పు. నేను బలవంతపెట్టను."

ఫాయ్ చేతులు జోడించింది. "సరే ఆచాన్. పూర్తి చేస్తాను."

పూర్తి చేసింది. ఇరవై ఏడో ఏట డాక్టరేటు వచ్చింది, అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగమూ వచ్చింది. ఊరి మొదట్లో ఆమె నిలువెత్తు బొమ్మతో బ్యానరు కట్టారు. తల్లి బస్టాండులో పూట వ్యాపారం మానేసి అందరికీ భోజనం పెట్టింది. ఈ ప్రాంతపు ముసలివాళ్ళకి ఆపరేషను తర్వాత నొప్పి తక్కువ స్థాయిలోనే ఉంటోందని ఆమె పుస్తకంలో ఒక పట్టిక చెబుతుంది. మందులు ఎంత ఇవ్వాలో రాసే పెద్దలు ఆ పట్టికని చూపిస్తున్నారని విన్నప్పుడు ఆమె మూడురోజులు సెలవు పెట్టి గదిలోంచి బయటికి రాలేదు. నాలుగోరోజు పాఠం చెప్పడానికి వెళ్ళింది. ఆ పట్టిక సంగతి బుప్పా ఎత్తలేదు, ఫాయ్ ఫోన్ చేసి చెప్పనూ లేదు.

ఇప్పుడు ఆమెకి ముప్ఫై నాలుగు. ఆ దారిలో ఏటా నలుగురైదుగురు చేరుతున్నారు. మొదటిరోజు సభలో అందరికీ ఆమెనే చూపిస్తారు. ఈ ఏడు సభ అయ్యాక ఒక పిల్ల వెనకే వరండాలోకి వచ్చింది. కొత్త బూట్లు, ఒళ్ళో కరుచుకున్న పుస్తకాలు, నిద్ర లేని కళ్ళు.

"ఆచాన్, ఒక్క మాట. నన్ను డిగ్రీ అవగానే రమ్మన్నారు, కాదనలేక సరేనన్నా. నేను వార్డులో ఒక్కరోజు కూడా చెయ్యలేదు. అందరూ ఏదో ఒకటి అంటుంటారు. భయమేస్తోంది. మీరు తిన్నగా వచ్చారు కదా. నిజం చెప్పండి, చాలా కష్టమా?"

ఫాయ్ ఆ పిల్ల మొహం చూసింది. వెనక మెట్ల మీద ఆచాన్ రాచనీ, ఇప్పుడు జుట్టంతా నెరిసి, చేతికర్ర ఊతంతో నెమ్మదిగా దిగుతోంది.

"పెద్ద కష్టమేం కాదమ్మా" అన్నది ఫాయ్.